ఆశాకిరణమా, మిణుకుమిణుకా?

వడ్రంగికి ఉలి ఎట్లాగో సేవకునికి నోటిమాట అట్లాగు. ఆ పనిముట్టు ఒకసారి మా చేతిలో జారి ఒక కుటుంబాన్ని గాయపరచింది. ఆ సంగతిని, దాని తరువాత మేము ఒక నోటుపుస్తకం వెనుక పేజీలలో రాసుకుంటూ వచ్చిన కొన్ని మాటలను గూర్చి ఈ నెల చెప్పాలని కూర్చున్నాము. ఆ మాటలన్నీ ఒక్క విషయానికి సంబంధించినవే. సన్నని వెలుగు.

అది 2014 ఆగస్టు నెల. నాచారం పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పనిచేసే మా సంఘస్థుడొకాయన డ్యూటీలో ఉండగానే కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆయన భార్య, ఇంటరు చదువుతున్న కూతురు ఆసుపత్రి వరండాలో ఇనుపబల్ల మీద రెండు రాత్రులు గడిపారు. పెద్దవాడు షార్జాలో ఒక కంపెనీలో పనిలో చేరి అప్పటికి ఆరు నెలలు. డ్యూటీ డాక్టరు వేరే రాష్ట్రంనుండి వచ్చిన యువకుడు, తెలుగు రాదు. పాస్టరుగారికి ఇంగ్లీషు వచ్చు గదా అని అందరూ మమ్మును ముందుకు నెట్టారు. మాకున్న ఇంగ్లీషు వేదాంత డిప్లొమా చదివే రోజులలో వ్యాఖ్యాన గ్రంథాలు తిరగేసి నేర్చుకొన్నది. రోమా పత్రిక మీద వ్యాఖ్యానం చదివి అర్థం చేసుకోగలము గాని ఆసుపత్రి వరండాలో నిలబడి మాట్లాడే ఇంగ్లీషు వేరు.

మూడవ రోజు సాయంత్రం ఆ డాక్టరు బయటికి వచ్చి, ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, నాలుగు వాక్యాలు చెప్పాడు. మొదటి మూడింటిలో సగం మాకు అందలేదు. చివరిది మాత్రం స్పష్టంగా వినబడింది. అందులో 'గ్లిమ్మర్ ఆఫ్ హోప్' అన్నాడు. దాని ముందు 'ఓన్లీ' అన్న చిన్నమాట కూడా ఉన్నది. మేము ఆ తల్లివైపు తిరిగి, "అమ్మా, ఆశాకిరణం కనబడుతోందన్నారు డాక్టరుగారు" అని చెప్పాము.

ఎందుకు అట్లా చెప్పాము? ఆ మాట నోటిలో సిద్ధంగా ఉన్నది. ప్రతి దినపత్రికలోను ఉంటుంది, మా ప్రసంగాలలో ఎన్నిసార్లు వాడామో లెక్కలేదు. పైగా ఆమె ముఖం చూస్తూ అంతకంటె తక్కువ మాట చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు. ఇది ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము, అప్పుడు తోచలేదు.

ఆ రాత్రే కుమారుడు ఫోను చేశాడు. టికెట్టు తీసుకొని బయలుదేరనా అని అడిగాడు. కొత్త కంపెనీ, సెలవు పెడితే ఏమంటారో తెలియదు. ఆ తల్లి, "అయ్యగారు కిరణం కనబడుతున్నదన్నరు బిడ్డా, ఆగమాగమై నౌకరి పోగొట్టుకోకు, నాయిన లేచినంక వస్తువుగాని" అన్నది. మేము పక్కనే ఉన్నాము. ఎల్లుండి తెల్లవారకముందే ఆయన కన్నుమూశాడు. భూస్థాపనకు ముందురోజు రాత్రి ఆ పిల్లవాడు శంషాబాదులో దిగి వచ్చాడు. ఐసుపెట్టె మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. మమ్మును ఒక్కమాట కూడా అనలేదు. అన్నా కొంత తేలికగా ఉండేదేమో.

నెల తిరిగిన తరువాత వారి ఇంట జ్ఞాపకార్థ కూడిక జరిగింది. అందరూ భోంచేసి వెళ్లాక ఆమె మమ్మును కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగింది. "అయ్యగారూ, ఆనాడు డాక్టరు ఏమన్నడు? ఆ ఇంగ్లీషు మాటే చెప్పుండ్రి." చెప్పాము. కూతురు తన స్కూలు నాటి నిఘంటువు తెచ్చి వెదికింది. మిణుకుమిణుకుమనుట అని ఉన్నది. ఆ తల్లి కొంతసేపు ఊరకున్నది. తరువాత అన్నది: "గంతేనా? మిణుకుమిణుకుమంటున్నదని చెప్తే నాకు తెలుస్తుండె గదయ్యా. దీపం మిణుకుమిణుకుమంటె ఇంట్లోళ్లందర్ని దగ్గరికి పిలుచుకుంటరు. నా పిలగాన్ని రమ్మంటుంటి."

అందులో కోపం లేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ఆమె ఆ డాక్టరు మాటను మాకంటె బాగా అర్థం చేసుకొన్నది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీశాము. మొదట ఇంగ్లీషు వారి మాటలు రాసుకొన్నాము. గ్లిమ్మర్, గ్లీమ్, గ్లో, గ్లింట్, గ్లిసెన్, గ్లిట్టర్. చూడండి, వెలుగుకు సంబంధించిన మాటలు ఎన్ని 'గ్ల' అనే శబ్దంతో మొదలవుతున్నవో. మన తెలుగులోనూ మిణుకు, మిణుగురు, మిరుమిట్లు, మిలమిల, మెరుపు అన్నీ 'మ'కారంతోనే గదా అని మా సహధర్మిణి అన్నది. ఆమె తెలుగు పండితుల ఇంటిలో పుట్టింది, ఇటువంటివి మాకు తట్టవు.

ఆ ఇంగ్లీషు మాటలు ఒకదాని స్థానంలో ఒకటి వాడేవి కావు. గ్లో అంటే పొయ్యిలో నిప్పుకణికకు ఉండే నిలకడైన ఎరుపు, మంట కాదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న ముఖానికీ, సంతోషంతో నిండిన మనసుకూ ఆ మాట వాడుతారు. ఉప్పల్ స్టేడియంలో రాత్రి మ్యాచు ఉంటే నాచారం మేడల మీదికి కూడా ఆ వైపు ఆకాశం తెల్లగా కనబడుతుంది, అదీ గ్లో. గ్లింట్ అంటే గట్టి వస్తువు అంచున తళుక్కుమనేది. లేతు మిషను కింద రాలిన ఇనుప రజను మీద ఎండ పడితే కనబడేది అదే. గ్లీమ్ అంటే తోమిన స్టీలు గ్లాసు మెరుపు. మనిషి కంటిలో గ్లీమ్ ఉందంటే ఏదో ఆలోచన పుట్టిందని అర్థం. ఫ్లికర్ అంటే నిలకడ లేక వెలుగుతూ ఆరుతూ ఉండేది. చోకు పోయిన ట్యూబులైటును గుర్తు చేసుకొంటే చాలు. మన పిల్లలు ఆ ట్యూబులైటునే ఎంత చక్కగా తెలుగు చేసుకొన్నారో గమనించారా? చెప్పిన మాట ఆలస్యంగా అర్థమయ్యేవాణ్ణి ట్యూబులైటు అంటారు. ఈ మాట ఏ దొర కనిపెట్టలేదు, మన వీధుల్లో పుట్టినదే. ఇక డిమ్ము, డల్లు అనేవి ఎప్పుడో తెలుగైపోయినవి. లారీ డ్రైవరు లైట్లు డిమ్ము చేస్తాడు, దుకాణదారు బేరాలు డిమ్ముగా ఉన్నవంటాడు, తల్లి పిల్లవాడి ముఖం డల్లుగా ఉందంటుంది.

గ్లిమ్మర్ అన్న మాటకు ఒక విచిత్రమైన చరిత్ర ఉన్నది. సుమారు 600 ఏండ్ల క్రితం ఇంగ్లీషులో ఆ మాటకు ప్రకాశంగా మెరవడమనే అర్థం. తరువాత తరువాత సన్నగిల్లి, ఉన్నదో లేదో అన్నట్టుండే వెలుగుకు పేరయింది. అంటే ఆ మాటకే వెలుగు తగ్గిపోయింది. మేము మాత్రం 2014లో దానిని మళ్లీ పాత అర్థంలోకి తీసుకుపోయాము!

ట్విలైట్ అనే మాటలో 'ట్వి' అంటే రెండు. సగం వెలుగు అనే భావంతో వచ్చినదై ఉంటుందని చెబుతారు. మన సంధ్య అనే మాటలోనూ కలయిక ఉన్నది, పగలు రాత్రి కలిసే చోటు. ముసలితనాన్ని ఇంగ్లీషువారు ట్విలైట్ సంవత్సరాలంటే మనవారు జీవిత సంధ్య అన్నారు. అయితే వారి సంధ్య, మన సంధ్య ఒకటి కాదు. సూర్యుడు అస్తమించాక క్షితిజానికి 6 డిగ్రీలు దిగేవరకు ఆరుబయట దీపం లేకుండా పని చేసుకోవచ్చునని లెక్క. హైదరాబాదులో సూర్యుడు ఇంచుమించు నిటారుగా దిగుతాడు గనుక ఆ సమయం ఇరవై రెండు, ఇరవై నాలుగు నిమిషాలు మాత్రమే. లండనులో జూన్ నెలలో అది ముప్పావుగంట పైచిలుకు, ఆ నెల రాత్రుల్లో ఆకాశం పూర్తిగా నల్లబడనే నల్లబడదు. అంతసేపు మసకలో ఉండేవారికి మసకకు పేర్లు ఎక్కువ ఉండడం సహజమే అనుకొన్నాము. కాని తెలుగు పేర్లు రాయడం మొదలుపెట్టాక ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మునిమాపు, మలిసంజ, అసురసంధ్య, కనుచీకటి, మసకచీకటి, పొద్దుగూకే వేళ, దీపాలు పెట్టే వేళ. ఇవన్నీ వెలుగు పోతున్నప్పటివి. వేకువ, తొలిసంజ, తెలతెలవారడం, వేగుచుక్క పొడిచే వేళ. ఇవి వెలుగు వస్తున్నప్పటివి. ఉప్పల్ పాత బస్తీవారు తెల్లవారకముందు చీకటిని 'మబ్బుల' అంటారు. మేము కృష్ణా జిల్లానుండి వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన, "రేపు మబ్బుల వస్త అయ్యగారూ" అంటే వాన పడేలా ఉంటే వస్తాడేమో అనుకొన్నాము. నాలుగున్నరకు తలుపు కొట్టాడు.

ఈ వరుస చూస్తుండగా మాకు ఒక సంగతి తెలిసింది. ఇంగ్లీషు గ్లిమ్మర్ ఆ వెలుగు వస్తున్నదో పోతున్నదో చెప్పదు. ఉన్నదని మాత్రమే చెబుతుంది. మన మాటలలో చాలావాటికి దిక్కు ఉన్నది. కిరణం అంటే సూర్యునినుండి వచ్చేది, దాని వెనుక సూర్యుడంతా ఉన్నట్టే. ఆ తల్లి చెవిలో పడినది అదే. డాక్టరు దిక్కులేని మాట ఇస్తే మేము దానికి తూర్పు దిక్కు తగిలించి ఆమె చేతికి ఇచ్చాము.

దీపం దగ్గర పుట్టిన మాటలు మరీ లోతైనవి. నూనెదీపంలో వత్తికొన మాడి గడ్డకట్టిన దానిని కొడి అంటారు. కొడి పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, దానినే దీపం కొడిగట్టింది అంటారు. ఈనాడు మనము ఈ మాటను ప్రాణం పోయే స్థితికి తప్ప వాడము. ప్రాణదీపం కొడిగట్టింది అంటే ఇక అయిపోయిందనే. కాని అసలు దీపానికి కొడి దులిపి, వత్తి కాస్త ముందుకు జరిపితే మళ్లీ బాగా వెలిగేది, ఇది మా అమ్మమ్మ రోజూ చేసిన పని. బుడ్డిదీపాలు పోయాక దులపడం సంగతి మరచిపోయి, మాటలో చావునొక్కదానినే మిగుల్చుకొన్నాము. ఆరిపోయిన దీపాన్ని ఆరిపోయిందని అనడానికి కూడా మనవారికి మనసు రాదు, కొండెక్కింది అంటారు, ఘనమైంది అంటారు.

గుడ్డిదీపం, గుడ్డివెన్నెల అన్నప్పుడు వెలుగుకే చూపు లేనట్టు మాట్లాడుతాము. గుడ్డిలో మెల్ల అనే జాతీయం ఇక్కడ బాగా పనికివచ్చేది. పూర్తిగా చూపు లేకపోవడం కంటె మెల్లకన్నైనా నయం గదా అని. డాక్టరు మాటకు సరిపోయే తెలుగు వెదికితే దానికీ చోటు ఉండేదేమో, కాని వరండాలో ఏడుస్తున్న ఇల్లాలితో అనే మాట కాదు.

యెషయా 42వ అధ్యాయంలో మన తెలుగు తర్జుమా మకమకలాడు అనే మాట వాడింది. వత్తిని గూర్చి. ఆ ఒక్క మాటలో పొగ, వణుకు, ఆరిపోతానేమో అనే భయం అన్నీ వినబడుతవి. వత్తి జనుపనారదని ఉన్నది. ఆ దేశంలో అవిసెనార వత్తులు వాడేవారు, మన ఇళ్లలో దూదివత్తులు. అనువాదకులు మధ్యస్థంగా మనకు తెలిసిన నారను ఎంచుకొన్నారు. హెబ్రీలో ఆ వత్తికి వాడిన విశేషణం 'కేహా', అంటే మందగించినది. మరుసటి వచనంలోనే ఆ సేవకుడు మందగిలడు అని చెప్పేటప్పుడు అదే ధాతువు వాడబడింది. ముసలి ఏలీ చూపు మందగించిన సంగతి చెప్పేచోట కూడా అదే. వత్తికి, మనిషికి, కంటిచూపుకు ఒకటే మాట. డిప్లొమా రోజులలో ఈ పాఠం పరీక్ష కొరకు బట్టీపట్టాము, మార్కులు కూడా వచ్చినవి.

ఆ తల్లి ఇంటిలో అప్పట్లో రాత్రంతా ఒక జీరోబల్బు వెలిగేది. పేరు జీరో గాని ఆ పాత ఫిలమెంటు బల్బు 15 వాట్ల దాకా కరెంటు తాగుతుందని, పాత మీటర్లు అంత చిన్న వాడకాన్ని పట్టలేకపోయేవి గనుక ఆ పేరు వచ్చిందని ఆ ఇంటి కూతురే మాకు చెప్పింది. ఆమె డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నది. ఆ బల్బు పోయి ఎల్ఇడి వచ్చింది. బయట వీధిలోను పసుపుపచ్చని సోడియం దీపాలు పోయి తెల్లనివి వచ్చి ఏళ్లయింది. 2017లో ఉప్పల్ మీదుగా మెట్రో నడవడం మొదలైన తరువాత రింగురోడ్డు దగ్గర రాత్రి, పగలు తేడా తెలియడం లేదు. మసక అనేది ఇప్పుడు మన వీధుల్లో దొరకదు, ఆసుపత్రులలోనే దొరుకుతుంది.

అవును, ఆసుపత్రులలోనే. ఈ పదేళ్లలో మేము ఎన్నో మంచాల దగ్గర నిలబడ్డాము. డాక్టరు ఏదైనా ఇంగ్లీషు మాట అంటే సిగ్గుపడకుండా ఆపి, వస్తున్నదా పోతున్నదా అని అడుగుతున్నాము. కొందరు విసుక్కొన్నారు. ఒకాయన మాత్రం కుర్చీ లాక్కొని కూర్చొని పావుగంట వివరించాడు. కొన్నిసార్లు వారికీ తెలియదు. తెలియదని వారు అంటే తెలియదన్నారని చెబుతున్నాము. దాని పక్కన మాది ఒక్కమాటైనా కలపకుండా ఉండడం మాకు ప్రార్థన చేయడంకంటె కష్టంగా ఉన్నది.

పోయిన నెలలో ఆ తల్లి కళ్లు మసకబారినవని కూతురు ఫోను చేసింది. తనకు సెలవు దొరకదు, అయ్యగారూ మీరు తోడు వెళ్తారా అని. ఉప్పల్‌లో ఒక కంటి ఆసుపత్రికి వెళ్లాము. కుడికంటికి చార్టుమీద పెద్ద అక్షరాలు కనబడినవి. ఎడమ కంటికి ఏవీ కనబడలేదు. డాక్టరమ్మ వేళ్లు చూపి లెక్కపెట్టమన్నది, కనబడలేదు. చేయి ఊపితే తెలియలేదు. అప్పుడు గది చీకటి చేసి, కుడికన్ను మూయించి, టార్చి వేసి అడిగింది. వెలుగు తెలుస్తున్నదన్నది. దానిని వారు పర్సెప్షన్ ఆఫ్ లైట్ అంటారు. చూపును కొలిచే మెట్లలో అది చివరి మెట్టు, దానికింద ఇక చూపు లేదు అనేదే. తరువాత టార్చిని పైనుండి, కిందినుండి, కుడినుండి, ఎడమనుండి చూపి ఏ వైపునుండి వస్తున్నదో చేతితో చూపించమన్నది. ఆ చీకటి గదిలో ఆమె నాలుగుసార్లూ తడబడకుండా సరైన వైపు చేయి చూపింది. మేము ఊపిరి బిగపట్టి చూస్తూ నిలబడ్డాము.

లైటు వేశాక డాక్టరమ్మ మాతో ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ తల్లి మా చొక్కా చేయి పట్టుకొన్నది. "అయ్యగారూ, ఆమె అన్నది అన్నట్టే చెప్పుండ్రి" అన్నది.

రెండుసార్లు అడిగి తెలుసుకొని చెప్పాము. శుక్లం బాగా ముదిరిందట. వెలుగు ఏ వైపునుండి వస్తున్నదో ఆ కన్ను గుర్తుపట్టింది గనుక వెనుకనున్న పొర పనిచేస్తున్నట్టే ఉన్నదట. ఆపరేషను చేస్తే చూపు వచ్చే వీలున్నదట. ఎంత వస్తుందో శుక్లం తీసి లోపల చూసిన తరువాతగాని చెప్పలేరట.

"గంతేనా?"

అంతే అన్నాము.

ఆమె వరండాలోకి వచ్చి షార్జాకు ఫోను చేయించమన్నది. కలిపి ఇచ్చాము. మేము చెప్పిన నాలుగు మాటలను, ఒక్కటి కలపకుండా, ఒక్కటి తీయకుండా, అదే వరుసలో కుమారునికి చెప్పింది. అతడు అవతలనుండి ఏదో అడిగాడు. "నువ్వే ఆలోచించుకో బిడ్డా, చెప్పిన గద" అన్నది. ఆపరేషను వచ్చే నెల పన్నెండున. అతడు పదవ తారీఖుకు టికెట్టు తీసుకొన్నాడట.